వానకు నిలిచిన ఇల్లు వాటాలకు కూలుతుంది



హైదరాబాదు అనగానే ఎవరికైనా ముందుగా చార్మినార్ కండ్ల ముందు నిలుస్తుంది. 1591లో పుట్టిన ఈ నగరంలో కోటకు కాపలా ఉంది, సమాధులకు టికెట్టు ఉంది, మ్యూజియానికి సెలవురోజు ఉంది. కాని తరతరాలుగా మనుషులు కాపురమున్న పాత ఇండ్ల సంగతేమిటి? అవి ఎందుకు ఒక్కొక్కటిగా మాయమైపోతున్నాయి? “పాతవి, వానకు తడిసి కూలిపోతున్నాయి” అని చాలామంది అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. ఇందులో వాన తప్పు తక్కువ, లెక్క తప్పు ఎక్కువ అని నాకు చూపించింది మా కాలేజీ పుస్తకం కాదు. పల్లికాయ సంచి భుజాన వేసుకుని నన్ను చూడ వచ్చిన మా నాయిన.

మూడేండ్లుగా నేను బహదూర్‌పురా చౌరస్తా నుండి పురానాపూల్‌కు పోయే తోవలో, ఒక గల్లీలోని పాత ఇంటి భాగంలో కిరాయికి ఉంటున్నాను. గోడ మందం మూడడుగులు. తలుపు మూస్తే ఏడాది పొడుగునా ఒకే చల్లదనం. ఇంటామెను అందరూ ‘నానీ’ అంటారు, నేనూ అదే అంటాను. నాయిన వచ్చిన రోజు ఆమె చాయ్ పంపించి, దాలాన్‌లో కూర్చోబెట్టి మాట్లాడింది. నాయిన పైకి చూసి, “ఈ దూలాలు టేకువి. ఇంకో వందేండ్లు కదలవు. గింత ఇల్లెందుకమ్మా గిట్ల ఇడిసిపెట్టిన్రు?” అని అడిగిండు. నానీ నవ్వి, “ఇల్లు నాదొక్కదానిదా భాయిసాబ్?” అన్నది. “మరి ఎందరు పాలివాండ్లు?” అంటే వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. కుడి చెయ్యి అయిపోయింది, ఎడమ చెయ్యి అయిపోయింది, మళ్లీ కుడి చేతికి వచ్చింది. ఇరవై మూడు దగ్గర ఆగింది. అందులో ఏడుగురు గల్ఫులో, ఇద్దరు అమెరికాలో ఉన్నారట.

మా నాయిన కొంచెంసేపు ఊరుకుని, “ఇగ ఇది నిలవది తల్లీ. మా ఒర్రె చేను గూడ గిట్లనే పోయింది” అన్నడు.

ఆ మాట నన్ను వదలలేదు. ఆనాటి నుండి తిరిగి, చూసి, చదివి తెలుసుకున్నది ఈ వ్యాసంలో మీ ముందు పెడుతున్నాను.

దేవిడీ అంటే ఏమిటి?

దేవిడీ అనే మాటకు మొదటి అర్థం గడప, ద్వారం. క్రమంగా ఆ పెద్ద ద్వారం వెనుక ఉన్న నివాసానికంతా అదే పేరయింది. వీధి మీద ఎత్తయిన దర్వాజా, దాని లోపల ఆకాశం కనిపించే వాకిలి, మధ్యలో నీళ్ల హౌజు, చుట్టూ కమానుల దాలాన్లు, బయటివాళ్లు వచ్చే మర్దానా, ఆడవాళ్లుండే జనానా. ఇదే పద్ధతిని చిన్నగా చేసి మామూలు కుటుంబాలు కూడా కట్టుకున్నాయి. నేనుండేది అటువంటి చిన్నదే.

ఈ ఇండ్లు ఎవరి సొమ్ముతో లేచాయి? రైతు బిడ్డగా ఈ మాట దాటవేయడం నాకు ధర్మం కాదు. నవాబుల, జాగీర్దారుల దేవిడీలు జాగీరు గ్రామాల శిస్తుతో లేచినవే. మా ముత్తాతల చెమట ఆ సున్నంలో కలిసి ఉంది. “మరి వాళ్ల ఇల్లు కూలితే నీకేం బాధ?” అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం రెండు మాటలు. ఒకటి, కట్టింది మేస్త్రీలు, వడ్రంగులు, రాళ్లు మోసిన కూలీలు. ఆ పని తెలిసిన చేతులు ఇప్పుడు చాలా తక్కువ. రెండు, ఆ ఇండ్లలో ఈ రోజు ఉంటున్నది నవాబులు కాదు. గాజులు అతికేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, దర్జీలు, నావంటి విద్యార్థులు. ఇల్లు అమ్మకానికి పోతే ముందుగా సామాను సర్దుకునేది వీళ్లే.

గోడల రసాయనం

మొదట వాన సంగతి తేల్చుకుందాం. సైన్సు విద్యార్థిని గనుక ఈ కాస్త రసాయన శాస్త్రాన్ని మన్నించండి.

పాత ఇండ్లలో సిమెంటు లేదు, డంగుసున్నం ఉంది. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. వంద గ్రాముల స్వచ్ఛమైన రాయికి యాభై ఆరు గ్రాముల సున్నం, నలభై నాలుగు గ్రాముల వాయువు. ఆ సున్నానికి నీళ్లు కలిపి, ఇసుక చేర్చి, గానుగలో రుబ్బి గోడకు వాడతారు. గోడలో అది మెల్లగా గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. అంటే బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గోడలో నిలబడి ఏండ్ల తరబడి సంపాదించుకుంటుంది! సన్నటి నెర్రె పడితే, తడికి కరిగిన సున్నం అందులో చేరి గట్టిపడి కొంతవరకు దానంతట అదే పూడుస్తుంది కూడా.

అటువంటి గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. మా పల్లెలో మట్టిగోడ చేసే పనే ఇది. ఇప్పుడు జరుగుతున్నదేమిటి? గోడ పొక్కులు లేచిందని పైన సిమెంటు పూస్తున్నారు. నేల నుండి ఎక్కిన తడికి బయటికి తోవ మూసుకుపోతుంది. తడితో వచ్చిన లవణాలు లోపలనే స్ఫటికాలై పెరిగి సున్నాన్ని పొడి చేస్తాయి. రెండేండ్లకు ఆ సిమెంటు పొర పాత పూతను కూడా వెంట పెట్టుకుని ఊడిపడుతుంది. “చూశారా, పాత ఇల్లు!” అంటారు. నిజానికి అది పాతదనపు జబ్బు కాదు, తప్పుడు మందు వల్ల వచ్చిన జబ్బు.

కప్పు మీద మొలిచిన రావి మొక్కను పీకడం, వాననీటి తూము శుభ్రం చేయడం, ఐదారేండ్లకోసారి సున్నం వేయడం, ఇంతే కావలసింది. చార్మినార్ పక్కనున్న చౌమహల్లా ప్యాలెస్‌నే చూడండి. పద్ధెనిమిదో శతాబ్దం నడుమ మొదలైన కట్టడం అది. చాలాకాలం పాడుపడి ఉండి, పద్ధతి ప్రకారం మరమ్మతు జరిగాక 2005లో ప్రజలకు తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. గనుక ఈ గోడలు వానకు నిలుస్తాయని రుజువైంది. మరి చౌమహల్లా నిలిచి, మిగతావి ఎందుకు పోతున్నాయి? చౌమహల్లాకు నిర్ణయం చేయగల ఒక్క చెయ్యి ఉంది, ఖర్చు పెట్టగల సంచి ఉంది. నానీ ఇంటికి నలభై ఆరు చేతులున్నాయి, సంచి ఒక్కటీ లేదు.

ఆదాయం ఎండిపోయిన వేళ

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనం వచ్చింది. మన రైతులకు అది మంచి రోజు, అందులో సందేహం లేదు. అయితే దేవిడీల మరమ్మతు నడిచింది ఆ జాగీరు రాబడితోనే. రాబడి పోయింది, కప్పు మాత్రం అంతే వెడల్పుగా మిగిలింది. ముందు నగలు అమ్మారు, తరవాత వాకిలి అమ్మారు. వీధి వైపు గోడ పగులగొట్టి మల్గీలు తీసి కిరాయికిచ్చారు. 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చి హైదరాబాదువంటి నగరానికి ఖాళీ స్థలం వెయ్యి చదరపు మీటర్లకు మించరాదన్నది. పెద్ద వాకిళ్లు, తోటలు ఉంచుకోవడం యజమానులకు భయమై, ముక్కలు చేసుకోవడమే మేలనిపించింది.

దివాన్ దేవిడీ కథ అందరూ తెలుసుకోవలసింది. సాలార్‌జంగు వంశం వారి నివాసమది. మూడవ సాలార్‌జంగు పెండ్లి చేసుకోలేదు. 1949లో ఆయన పోయాక, ఆయన సేకరించిన వస్తువులతో అదే దేవిడీలో మ్యూజియం పెట్టారు. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దాన్ని ప్రారంభించారు. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి మారింది. ఆ తరవాత దేవిడీ చాలా భాగం పోయింది. ఇప్పుడు దివాన్ దేవిడీ అంటే టోకు బట్టల బజారు. ముసుగు వేసుకున్న పాలరాతి రెబెకా బొమ్మను చూడడానికి మనం వరుసలో నిలబడతాం, ఆ బొమ్మ నిలిచిన ఇంటి గురించి అడగం. వస్తువులు బతికాయి, ఇల్లు పోయింది.

వాటాల లెక్క

ఇక అసలు విషయానికి వద్దాం. ఊహకు ఒక ఇల్లు తీసుకోండి. స్థలం 1,200 గజాలు. మన పల్లె కొలతలో గుంటకు 121 గజాలు గనుక, పది గుంటలకు రవ్వంత తక్కువ. ఇంటి పెద్ద చనిపోయాడు. భార్య, ముగ్గురు కొడుకులు, ఇద్దరు బిడ్డలు ఉన్నారు. ముస్లిం వారసత్వ నియమం ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, అంటే 150 గజాలు. మిగిలిన 1,050 గజాలలో కొడుకుకు రెండు పాళ్లు, బిడ్డకు ఒక పాలు. మొత్తం ఎనిమిది పాళ్లు. కొడుకుకు 262 గజాలన్నర, బిడ్డకు 131 గజాల పావు.

తల్లి వాటాను పక్కన పెట్టి ముందుకు పోదాం. పెద్దకొడుకు పోయాడు. అతనికి భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు బిడ్డలు. అతని 262 గజాలన్నరలో భార్యకు దాదాపు 32.8 గజాలు, ఒక్కో కొడుక్కు 65.6, ఒక్కో బిడ్డకు 32.8. గజానికి తొమ్మిది చదరపు అడుగులు గనుక 32.8 గజాలంటే పదిహేడడుగుల పొడుగు, పదిహేడడుగుల వెడల్పు ఉన్న ఒక్క గది! మిగతా నలుగురి ఇండ్లలో కూడా ఇట్లాగే జరిగితే మూడో తరానికి పాతిక, ముప్పై మంది హక్కుదారులు తయారవుతారు. కమానును ఎట్లా పంచుతారు? హౌజులో మూడో వంతు ఎక్కడ ఉంటుంది?

ఇది ముస్లింల సమస్య మాత్రమే అనుకోవద్దు. పాతబస్తీలో కాయస్థుల, ఖత్రీల, ఇతర హిందూ కుటుంబాల దేవిడీలూ ఉన్నాయి. 1956 హిందూ వారసత్వ చట్టం, ఆడబిడ్డకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చిన 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ, 2005 నాటి కేంద్ర సవరణ, ఇవన్నీ న్యాయమైనవే. నేను ఆడబిడ్డల వాటాను తప్పు పట్టడం లేదు. మా అక్కకు రావలసింది మా అక్కకు రావాలి. తప్పు పంచడంలో లేదు. పంచడానికి మనకు తెలిసిన పద్ధతి ఒక్కటే, అమ్మి పంచడం. అదే అసలు చిక్కు.

చట్టం కూడా చివరికి ఆ తోవనే చూపిస్తుంది. 1893 నాటి విభజన చట్టం ప్రకారం, పంచితే ఉపయోగం లేకుండా పోయే ఆస్తిని అమ్మించి డబ్బు పంచమని కోర్టు ఆదేశించవచ్చు. అయితే అదే చట్టంలో నాలుగో సెక్షను ఉంది. ఉమ్మడి నివాస గృహంలో ఒకరి వాటాను బయటివాడు కొని విభజనకు దావా వేస్తే, ఇంటివాళ్లే ఆ వాటాను తగిన ధరకు కొనుక్కునే వీలుంది. మంచి రక్షణే. కాని కొనడానికి డబ్బేది? నానీ చేతిలో ఉన్నది కిరాయిల డబ్బు. అందులో పాత కిరాయిదారుల కొందరిది ఎన్నడో నిర్ణయించిన స్వల్పమైన మొత్తం.

ఇప్పుడు ధర సంగతి. ఎంజీబీఎస్ నుండి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల పాతబస్తీ మెట్రోకు 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. ఆ తోవలో తీసుకునే ఆస్తులకు గజానికి 81,000 రూపాయల పరిహారం నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కులు ఇవ్వడం మొదలుపెట్టారు. అది పెద్ద రోడ్డు మీది లెక్క. గల్లీలో అంత ఉండకపోవచ్చు. అయినా మన ఊహా ఇంటికి అదే వేసి చూడండి. మొత్తం స్థలం 9 కోట్ల 72 లక్షలు. ఆ 32.8 గజాల బిడ్డ వాటా 26 లక్షల 56 వేలు. ఆమె ఎక్కడో రెండు గదుల్లో కిరాయికి ఉంటూ, పిల్ల పెండ్లి ముందు పెట్టుకుని ఉంటే, “మన తాతల కమాను, అమ్మకు” అని ఆమెకు చెప్పే ధైర్యం మనలో ఎవరికుంది?

ఈ లెక్కలో ఒక వింత గమనించారా? ధర అంతా నేలది. టేకు దూలానికి, గచ్చు పూతకు, కమానుకు బజారులో విలువ సున్నా. సున్నా కూడా కాదు, కూల్చే ఖర్చు తీసేస్తారు గనుక సున్నాకు దిగువ. మా ఊరి పక్క హైవే పడ్డాక చేలకు పట్టిన గతి ఇదే. “ఎకరానికి ఎన్ని బస్తాలు పండుతయని ఎవ్వడడగడు, గజమెంత అంటడు” అని నాయిన అంటాడు. పంటను లెక్కలోంచి తీసేసినప్పుడు చేను ప్లాటవుతుంది. కాపురాన్ని లెక్కలోంచి తీసేసినప్పుడు ఇల్లు కాంప్లెక్సవుతుంది.

జాబితాలో పేరు, చేతిలో ఖాళీ

ప్రభుత్వం ఏమీ చేయలేదా? చేసింది. 1981లో పాతబస్తీ కోసం కులీ కుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థను పెట్టింది. 1995లో హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ నిబంధనల్లో పదమూడో నిబంధనను వారసత్వ కట్టడాల రక్షణకు మార్చారు. 1998లో రక్షించవలసిన కట్టడాల జాబితా ప్రకటించారు. నూటికి పైగా కట్టడాల పేర్లు అందులో ఉన్నాయి. 2015 డిసెంబరులో ఆ పదమూడో నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. పంజాగుట్ట వైపున్న ఇర్రం మంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. అంటే పౌరులు అడిగితే చట్టం పలుకుతుంది.

అయినా జాబితా ఒక్కటే ఇల్లును నిలపదు. చార్మినార్ దగ్గరి మాల్వాలా ప్యాలెస్ 1845 నాటి కాయస్థ కుటుంబపు దేవిడీ. చెక్కపనికి పేరు పొందింది. వారసత్వ కట్టడంగా గుర్తింపు ఉండి కూడా 2000లో కూల్చివేతకు గురయింది. జాబితా “కూల్చవద్దు” అంటుంది, “మరమ్మతుకు ఇదిగో డబ్బు” అనదు. అప్పుడు యజమానికి మిగిలిన చవకైన ఉపాయం ఒక్కటే. ఏమీ చేయకుండా ఊరుకోవడం! తూము పూడనిస్తే, రావిమొక్కను పెరగనిస్తే, పదేండ్లలో ఇల్లు తానే ‘ప్రమాదకరం’ అవుతుంది. అప్పుడు కూల్చమని నోటీసు వస్తుంది. వాన చేసిన పనిలాగా కనబడుతుంది, వెనుక ఉన్నది లెక్క.

మా గల్లీ నుండి అరగంట లోపల నడిస్తే హుస్సేనీ ఆలంలో పాయ్‌గా ప్రభువు ఖుర్షీద్ జా దేవిడీ వస్తుంది. ఎత్తయిన స్తంభాలతో ఐరోపా పద్ధతిలో కట్టింది. దాని ముందటి తోట క్రికెట్టు మైదానమై చాలాకాలమైంది. ఇటీవలి సంవత్సరాల్లో దాని మరమ్మతు తలపెట్టడం సంతోషకరం. పెద్ద దేవిడీకి ఆలస్యంగానైనా ఎవరో ఒకరు వస్తారు. చిన్న ఇండ్లకు ఎవరు వస్తారు?

పాత ఇల్లని మురిసిపోతే మాత్రం సరిపోదు. 2020 అక్టోబరు వర్షాలకు పాతబస్తీలో గోడలు కూలి ప్రాణాలు పోయాయి. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనంలో మంటలు లేచి ఒకే కుటుంబానికి చెందిన పదిహేడు మంది చనిపోయారు, అందులో పసిపిల్లలున్నారు. కింద దుకాణాలు, పైన కాపురాలు, ఇరుకైన తోవ. ఇల్లు కాపాడడమంటే ముందు అందులోని మనుషులను కాపాడడం. కరెంటు తీగ మార్చని కమాను ఎంత అందమైనదైతేనేమి?

ఒక ద్వీప పట్టణం చెప్పే పాఠం

ఇదే చిక్కు ప్రపంచంలో ఇంకెక్కడైనా వచ్చిందా అని వెతికితే, మలేషియాలోని పెనాంగ్ ద్వీపం కనిపించింది. దాని ముఖ్య పట్టణం జార్జ్‌టౌన్. కింద అంగడి, పైన కాపురం ఉండే పాత వరుస ఇండ్లు అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. మన పాతబస్తీవలెనే రకరకాల మతాల, భాషల ప్రజలు పక్కపక్కన ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి ఇండ్లకు కిరాయి నియంత్రణ చట్టం ఉండడంతో కిరాయిలు పెరగలేదు. యజమానులు మరమ్మతు చేయలేదు, అట్లాగని కూల్చనూ లేదు. 2000 సంవత్సరం జనవరి 1 నుండి ఆ చట్టం పోయింది. కిరాయిలు ఒక్కసారిగా లేచి, ఎన్నో కుటుంబాలు ఇండ్లు ఖాళీ చేశాయి. 2008లో జార్జ్‌టౌన్‌ను యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టణంగా ప్రకటించింది. ఇండ్లకు విలువ వచ్చింది, రంగులు వచ్చాయి. కొన్ని హోటళ్లయ్యాయి, కొన్ని కాఫీ అంగళ్లయ్యాయి. గోడలు నిలిచాయి, పాత కాపురాలు చాలా తరలిపోయాయి.

అంటే ఇల్లు రెండు రకాలుగా పోవచ్చునన్న మాట. మన దగ్గర మనుషులుండగా గోడలు పోతున్నాయి. అక్కడ గోడలుండగా మనుషులు పోయారు. ఒకదాన్ని తప్పించుకోబోయి రెండోదానిలో పడకుండా ఉండడమే తెలివి.

ఏం చేయవచ్చు?

నా తెలివికి అందినంతలో నాలుగు మాటలు చెబుతాను, పెద్దలు సరిదిద్దాలి.

మొదటిది, పాలివాళ్లు ఒక్క గొంతు కావాలి. నేలను ముక్కలు చేయకుండా, ఇంటిని ఒక కుటుంబ ట్రస్టు కిందనో, రిజిస్టరు చేసిన ఒప్పందం కిందనో ఉంచి, రాబడిలో వాటాలు పంచుకోవచ్చు. మల్గీల కిరాయి, గదుల కిరాయి వాటా ప్రకారం పోతుంది, మరమ్మతుకు ముందుగా కొంత తీసి పెట్టాలి. మా ఊళ్లో ఉమ్మడి బావికి ఇదే పద్ధతి. బావిని ఎవడూ పంచుకోడు, నీళ్ల వంతులు పంచుకుంటాడు.

రెండవది, కట్టుకునే హక్కు బదిలీ. పాత ఇల్లు కూల్చనివాడు, దాని మీద కట్టుకోగలిగి ఉండీ వదులుకున్న అంతస్తుల హక్కును ఇంకో చోట కట్టేవాడికి అమ్ముకునే వీలు మన నగర భవన నిబంధనల్లో ఉంది. రోడ్డు వెడల్పుకు స్థలం ఇచ్చినవాళ్లు దీన్ని వాడుకుంటున్నారు. పాత ఇండ్లకు ఇది విరివిగా, సులభంగా దొరికితే, అమ్మకుండానే బిడ్డ వాటాకు డబ్బు వస్తుంది. నిలిచి ఉన్న ఇంటికి సున్నాకు బదులు ఒక ధర వస్తుంది. ఇంత పెద్ద చిక్కుముడిలో అసలు దారం కొస ఇదేనని నా నమ్మకం.

మూడవది, మరమ్మతుకు చిన్న సాయం, దానికి ఒక షరతు. తీగలు మార్చడానికి, కప్పు కట్టడానికి, రెండో తోవ తీయడానికి తక్కువ వడ్డీ అప్పు ఇవ్వాలి. అది తీసుకున్న యజమాని ఉన్న కిరాయిదారులను కొన్నేండ్లు ఖాళీ చేయించరాదు. పెనాంగ్ పాఠం ఇక్కడ పనికివస్తుంది.

నాలుగవది, మన పని. డంగుసున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీలు ఇంకా కొందరు ఉన్నారు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా రాళ్లు మోసిన పాలమూరు కూలీల బిడ్డలం మనలో కొందరం ఉన్నాం. ఆ మేస్త్రీల దగ్గర పని నేర్చుకునే యువకులకు కూలి గిట్టుబాటయితే, పాత ఇల్లు బతకడమే కాదు, కొత్త బతుకుతెరువూ అవుతుంది. మన కాలేజీ జాతీయ సేవా పథకం వాళ్లు సెలవుల్లో టేపు, కెమెరా పట్టుకుని ఒక్కొక్క గల్లీ తిరిగి, ఏ ఇల్లు ఎంత కొలత, ఏ స్థితిలో ఉంది, ఎందరు కాపురమున్నారు అని రాసిపెడితే చాలు. లెక్క తప్పు జరిగిందంటున్నాం గదా, ముందు సరైన లెక్క మనమే రాద్దాం.

చివరగా నానీ ఇంటి సంగతి. వచ్చే రంజాన్‌కు గల్ఫు వాళ్లు వస్తారట. అందరూ కూర్చుని ఒక మాట అనుకుంటారట. బిల్డరు ఇప్పటికే రెండుసార్లు వచ్చి దర్వాజా వెడల్పు కొలుచుకుని పోయాడు. నేను కూడా కొలిచాను. దాలాన్ పొడుగు ముప్పై ఒక్క అడుగులు, ఐదు కమానులు, పద్నాలుగు దూలాలు. ఒక డ్రాయింగు కాగితం మీద గీసి, వాటాల లెక్క, కిరాయిల లెక్క పక్కన వేసి, ఉమ్మడి బావి పద్ధతిని ఉర్దూలో రాయించి నానీ చేతిలో పెట్టాను. ఆమె అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, “ఇరవై మూడు మందికి ఇరవై మూడు కాగితాలు తియ్యి బేటా” అన్నది.

తీయించాను. కాగితానికి రెండు రూపాయలు పడింది. మిత్రులారా, ఆ నలభై ఆరు రూపాయలు ఏమవుతాయో రంజాన్ తరవాత గాని తెలియదు. మీ గల్లీలో కూడా ఒక దర్వాజా ఉంటుంది. బిల్డరు టేపు కంటే ముందు మీ టేపు దాని మీద పడాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.